వేరు వచ్చేదాకా: కొమ్మలతో మొక్కల పెంపకంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

కొమ్మ ముక్కలతో కొత్త మొక్కలు పెంచడం గురించి, ముఖ్యంగా నలుగురూ ఒకచోట కూర్చుని నిదానంగా ఆ పని చేయడం గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మేం పన్నెండు మందిమి నెలకోసారి కలిసి కొమ్మలు నాటాలనుకుంటున్నాం. ఆ గంటన్నరైనా ఫోన్లు పక్కన పెట్టి, హడావుడి లేకుండా గడపాలని కోరిక. ఏ మొక్కలతో మొదలుపెట్టాలి? ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మొదటిసారికి తొందరగా వేరు పోసే మొక్కలే పెట్టుకోండి. కోలియస్ (రంగురంగుల ఆకుల మొక్క), పుదీనా, ట్రాడెస్కాంషియా (నేల మీద పాకే మొక్క) నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేరు కనిపిస్తుంది. మనీప్లాంట్‌కు రెండు మూడు వారాలు పడుతుంది. మందారానికి నెల నుంచి నెలన్నర, గులాబీకి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. అందుకే ఆ రెండూ మూడో నెలకో, నాలుగో నెలకో ఉంచుకోండి. మళ్లీ కలిసేనాటికి అందరి చేతుల్లోనూ చూపించుకోవడానికి తెల్లటి వేరు ఒకటైనా ఉండాలి. అది లేకపోతే రెండోసారికి సగం మందే వస్తారు.

మనిషికి నాలుగు కొమ్మలు లెక్క వేసుకోండి: రెండు కోలియస్, రెండు మనీప్లాంట్. పన్నెండు మందికి 48 అవుతాయి, 60 కోయండి. నలిగేవి, విరిగేవి ఎలాగూ ఉంటాయి. ఏ తల్లి మొక్క నుంచీ మూడో వంతు మించి కోయవద్దు. ముందురోజు సాయంత్రం తల్లి మొక్కలకు బాగా నీళ్లు పెట్టి, మర్నాడు పొద్దున్నే కోసి, తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి. ఎండెక్కాక కోసిన కొమ్మ అప్పటికే సగం దాహంతో ఉంటుంది. దాన్ని తేర్చడానికే రెండు రోజులు పోతాయి.

మట్టి బదులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), గరుకు ఇసుక సమపాళ్లలో కలపండి. 10 సెంటీమీటర్ల కుండీకి దాదాపు అర లీటరు మిశ్రమం పడుతుంది, అంటే పన్నెండు కుండీలకు 6 లీటర్లు. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక ఒకటి నానితే దాదాపు 8 లీటర్లకు ఉబ్బుతుంది కాబట్టి ఒక్కటి చాలు. నానబెట్టిన నీళ్లు పారబోసి, మంచినీళ్లతో ఒకటి రెండుసార్లు కడగండి. అందులో ఉండే ఉప్పు లేత వేళ్లకు పడదు. కోకోపీట్‌ను గుప్పెట్లో పిండితే రెండు మూడు చుక్కలు రావాలి. ధార కారితే నీళ్లు ఎక్కువైనట్టే.

కత్తెర ఇద్దరికి ఒకటి పెట్టండి, ఎక్కువ వద్దు. ఒకరు కోస్తుంటే రెండోవారు కొమ్మ పట్టుకోవాలి, తమ వంతు కోసం ఆగాలి. పనిలో నిదానం దానంతటదే వస్తుంది. కత్తెర అంచును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. ఒక మొక్క అయిపోయి ఇంకో మొక్క దగ్గరికి వెళ్లే ముందు మళ్లీ తుడవండి.

ఇక కూర్చోవడం సంగతి. మొదటి పది నిమిషాలు ఎవరూ కోయవద్దు, మాట్లాడవద్దు. తలా ఒక కొమ్మ తీసుకుని కణుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో వేలితో తడిమి లెక్కపెట్టండి. తర్వాత అరగంట కోత, అరగంట నాటడం, మిగిలిన ఇరవై నిమిషాలు చీటీలు రాసుకోవడం, కబుర్లు. ‘ఊపిరి గమనించండి’ అని చెప్పే గొంతేదీ పక్కన వినిపించనక్కర్లేదు. మనసు పక్కకు పోతే కణుపు తప్పుతుంది, కణుపు తప్పితే వేరు రాదు. ఈ పనిలో ధ్యాస విడిగా అభ్యాసం చేయాల్సింది కాదు, కత్తెర పట్టిన దగ్గర నుంచీ అది లేకుండా అడుగు పడదు.

ప్రశ్న: కణుపు కింద కోయాలని అందరూ చెబుతారు. కణుపును గుర్తుపట్టడం ఎలా? ఎంత కింద, ఎంత పొడవు?

కోలియస్ కొమ్మ ఒకటి చేతిలోకి తీసుకోండి. అది గుండ్రంగా ఉండదు, నలుపలకలుగా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి కిందికి జార్చండి. కాసేపు నున్నగా జారి, ఒకచోట వేలు ఎత్తుకు తగిలి ఆగుతుంది. అక్కడే ఎదురెదురుగా రెండు ఆకులు పుట్టి ఉంటాయి. ఆకు కాడకు, కాండానికి మధ్య ఉన్న చంకలోకి చూస్తే ఆవగింజంత మొగ్గ కనిపిస్తుంది. అదే కణుపు. ఇంకాస్త జార్చితే తర్వాతి కణుపు తగులుతుంది. ఈసారి ఆకుల జత పై జతకు అడ్డంగా తిరిగి ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే ఇక కళ్లు మూసుకున్నా కణుపు దొరుకుతుంది.

కణుపుకు అర సెంటీమీటరు కింద కోయండి. మరీ కిందికి కోస్తే కణుపు కింద మిగిలిన ముక్క పనికిరాక కుళ్లుతుంది, ఆ కుళ్లు పైకి పాకుతుంది. కొమ్మ పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మూడు కణుపులు ఉంటే చాలు. కింది జత ఆకులు తీసేయండి. కొసన పూమొగ్గ ఉంటే గిల్లేయండి, లేకపోతే వేరుకు వెళ్లాల్సిన బలమంతా పువ్వుకు పోతుంది.

మనీప్లాంట్‌లో కణుపు ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఆకు కాడ ఉన్నచోటే గోధుమరంగు బుడిపె ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. అది పుట్టబోయే వేరే. దానికి అటూ ఇటూ రెండు సెంటీమీటర్ల తీగ వదిలి కోయండి. బుడిపె నీళ్లలో మునగాలి, ఆకు బయట ఉండాలి.

మొద్దుబారిన కత్తెర కొమ్మను కోయదు, నలుపుతుంది. నలిగిన కణజాలంలో నీళ్లు పైకెక్కవు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. కోసిన అంచును వెలుతురుకు పెట్టి చూడండి. నున్నగా, తడిగా మెరవాలి. పీచులు లేచినా, అణిగి చదునుగా అయినా మళ్లీ కోయండి.

గులాబీ, మందారం లాంటి గట్టి కొమ్మలకు కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోయడం అలవాటు చేసుకోండి. ఆకులన్నీ తీసేశాక ఏది పైకొసో, ఏది కిందిదో చటుక్కున చెప్పడం కష్టం. బల్ల మీద ముప్పై పుల్లలు కలిసిపోతే ఆ కోతే గుర్తు. తలకిందులుగా నాటిన కొమ్మ సాధారణంగా బతకదు. కొసల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండంలో పైనుంచి కిందికే ప్రయాణిస్తుంది, అడుగున పోగై అక్కడ వేరు పుట్టిస్తుంది. మనం తిరగేసినంత మాత్రాన అది దారి మార్చుకోదు.

ప్రశ్న: మందారం కొమ్మలు నాటాను. పది రోజుల్లో చక్కగా చిగురేశాయి. సంబరపడి ఎండలో పెట్టాను. మూడో వారంలో అన్నీ వాడి ఎండిపోయాయి. పీకి చూస్తే ఒక్క వేరూ లేదు! గులాబీదీ ఇదే కథ. ఎక్కడ పొరపాటు?

చిగురు వచ్చింది కదా, బతికింది అనుకోవడమే పొరపాటు. ఇది చాలామందికి జరిగేదే. గట్టి కొమ్మలో కొంత ఆహారం నిలవ ఉంటుంది. కణుపులోని మొగ్గ ముందే తయారై ఉంటుంది కాబట్టి ఆ నిలవతో రెండాకులు వేసేస్తుంది. వేరు అలా కాదు, కోసినచోట కణాలు కొత్తగా రూపు మార్చుకుంటే తప్ప రాదు. ఈలోగా కొత్త ఆకులు గాలిలోకి నీటిని వదులుతుంటాయి, కింద పీల్చేవాళ్లు లేరు. నిలవ అయిపోయిన రోజున కొమ్మ వాడిపోతుంది. ఎండలో పెట్టడంతో ఆ రోజు ముందే వచ్చింది.

ఈసారి ఇలా చేయండి. మరీ లేతది, మరీ ముదురుది కాకుండా మధ్యరకం కొమ్మ ఎంచుకోండి. పచ్చరంగు పోయి గోధుమరంగులోకి తిరుగుతూ, వంచితే కొంత వంగి టక్కున విరిగేది. పెన్సిల్ మందం, 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు. గులాబీకైతే ఈమధ్యే పువ్వు రాలిన కొమ్మ మంచిది. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసేయండి. మందారం ఆకు పెద్దది కాబట్టి ఆ రెండింటినీ సగానికి అడ్డంగా కత్తిరించండి. రెండు కణుపులు మిశ్రమంలోకి వెళ్లేలా నాటి, చుట్టూ వేళ్లతో అదమండి. కొమ్మ చుట్టూ ఖాళీ ఉంటే అక్కడ గాలి తగిలి ఆరిపోతుంది.

నాటిన కుండీ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు బోర్లించండి. ఆకులకు తగలకుండా రెండు పుల్లలు గుచ్చి ఎత్తుగా నిలపండి. లోపల గాలి తేమగా ఉంటే ఆకుల నుంచి నీరు పోదు. వేరు లేని కొమ్మను అప్పటిదాకా నిలబెట్టేది ఆ తేమే. రోజుకోసారి ఐదు పది నిమిషాలు కవరు ఎత్తండి, లేదంటే బూజు పడుతుంది. బాగా వెలుతురున్న నీడ కావాలి. కవరు కప్పిన కుండీకి నేరుగా ఎండ తగిలితే లోపల కొమ్మ ఉడికిపోతుంది. 24 నుంచి 28 డిగ్రీల వేడి ఉన్న రోజులు దీనికి అనుకూలం.

ఇంకొక మాట. మీరు చివర్లో పీకి చూశారు, చాలామంది మొదట్లోనే పీకి చూస్తారు. వేరు వచ్చిందో లేదోనని కాస్త లాగితే అప్పుడే పుట్టిన వెంట్రుకంత వేరు తెగిపోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పదిమంది కలిసి పెంచే కుండీకి ఈ ప్రమాదం పదింతలు. దానికో ఉపాయం: అందరి కోసం ఒక గాజు గ్లాసులో అదే మిశ్రమం పోసి, ఒక కొమ్మను గాజుకు ఆనించి నాటండి. అడుగున రంధ్రం ఉండదు కాబట్టి నీళ్లు చాలా కొద్దిగా పోయండి. గ్లాసు చుట్టూ నల్లకాగితం చుట్టి, వారానికోసారి విప్పి అందరూ చూడండి. ముందు కోసిన అంచు చుట్టూ తెల్లటి గడ్డలాంటి పొర కడుతుంది, కొన్నాళ్లకు వేరు గాజు వెంట దిగుతూ కనిపిస్తుంది. ఆ గ్లాసులో కనిపించేదాకా మిగతా కుండీల జోలికి ఎవరూ వెళ్లకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

ప్రశ్న: సీసాలో పెట్టిన కొమ్మల నీళ్లు రెండు రోజులకే మసకబారుతున్నాయి. కొమ్మ అడుగు నల్లగా, జిగురుగా అవుతోంది. నీళ్లు మారుస్తూనే ఉన్నాను.

నీళ్లు మార్చేముందు సీసాలో ఏం మునిగి ఉందో చూడండి. మునిగిన ఆకు కుళ్లుతుంది, దాని మీద బ్యాక్టీరియా పెరుగుతుంది, అది నీళ్లలోని ప్రాణవాయువును వాడేస్తుంది. వేరు పుట్టడానికి ఆ ప్రాణవాయువే కావాలి. కాబట్టి నీటి మట్టానికి కింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు. సీసా నిండా నీళ్లు పోయకండి, 4 లేదా 5 సెంటీమీటర్లు చాలు, ఒక కణుపు మునిగితే సరి. ఒక సీసాలో మూడు కొమ్మలకు మించి వద్దు.

నల్లబడిన కొమ్మను తీసి, నలుపు కనిపించిన చోటుకు రెండు సెంటీమీటర్లు పైన, మళ్లీ కణుపు చూసుకుని కోయండి. కోసిన ముఖం పచ్చగానో, తెల్లగానో ఉండాలి. మధ్యలో గోధుమరంగు చుక్క ఉన్నా ఇంకో కణుపు పైకి వెళ్లండి. సీసాను లోపలివైపు తోమి కడగండి, ఆ జిగురు గాజుకూ పట్టి ఉంటుంది. మూడు రోజులకోసారి నీళ్లు పూర్తిగా మార్చండి, పాత నీళ్ల మీద కొత్తవి కలపడం కాదు.

నీళ్లు పచ్చబడితే కంగారు వద్దు, అది నాచు. వెలుతురు నేరుగా తగలడం వల్ల వస్తుంది. సీసాకు కాగితం చుట్టండి.

ప్రశ్న: నీళ్లలో గుత్తులు గుత్తులుగా వేళ్లు వచ్చిన మనీప్లాంట్‌ను మట్టిలో పెడితే వాడిపోయింది. అన్ని వేళ్లున్నా ఎందుకిలా?

వేళ్లు ఎక్కువయ్యేదాకా ఆగడమే కారణం. నీళ్లలో పెరిగిన వేరుకు నీళ్ల అలవాటే ఉంటుంది. పెళుసుగా ఉంటుంది, మట్టి రేణువుల మధ్య తేమను వెతికి పట్టే సన్నటి నూగు దానికి తక్కువ. మట్టిలోకి మార్చాక ఆ నూగు ఉన్న కొత్త వేళ్లు పుట్టాలి. పొడవాటి నీటి వేళ్లు నాటేటప్పుడు విరుగుతాయి కూడా. వేరు 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉన్నప్పుడే మార్చేయండి.

మార్చడానికి 10 సెంటీమీటర్ల కుండీయే వాడండి. పెద్ద కుండీలో కొద్ది వేళ్లు తాగలేనంత తడి నిలిచి అడుగు పులిసిపోతుంది. ముందు కుండీలో గుంట చేసి, వేళ్లను అందులో వేలాడదీసి, ఒకరు కొమ్మ పట్టుకుంటే ఇంకొకరు చుట్టూ మిశ్రమం పోయాలి. ఇది ఇద్దరు చేయాల్సిన పనే, ఒంటిచేత్తో చేస్తే వేళ్లు ఒకవైపుకు మడతపడతాయి. మొదటి వారం మిశ్రమం ఎప్పుడూ తడిగా, మొక్క నీడలో ఉండాలి. రెండో వారం నుంచి పై అంగుళం ఆరనిచ్చి పోయండి. కొత్త ఆకు విచ్చుకునేదాకా ఎరువు వద్దు, ఆ తర్వాత కూడా మామూలు మోతాదులో సగమే.

ప్రశ్న: ఒక్క మనీప్లాంట్ ఆకును నీళ్లలో పెట్టి ఆరు నెలలైంది. వేళ్లు ఉన్నాయి, ఆకు పచ్చగానే ఉంది, కొత్త ఆకు మాత్రం రాలేదు.

రాదు. ఆకు కాడకు వేరు పుట్టగలదు కానీ తీగ పుట్టడానికి మొగ్గ కావాలి, ఆ మొగ్గ కణుపులో ఉంటుంది. కణుపు లేని ఆకు ఎన్నాళ్లున్నా ఒంటి ఆకే. ఆఫ్రికన్ వయొలెట్, రెక్స్ బెగోనియా లాంటి కొన్నింటికి మాత్రం ఆకు నుంచే పూర్తి మొక్క పుట్టించే గుణం ఉంది. వయొలెట్ ఆకును 3 సెంటీమీటర్ల కాడతో కోసి, తేమగా ఉన్న మిశ్రమంలో ఏటవాలుగా గుచ్చండి. రెండు నెలలు ఓపిక పట్టాలి.

ప్రశ్న: పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి నాటితే, వచ్చిన పిల్లలన్నీ వట్టి పచ్చగా ఉన్నాయి. మొక్క మారిపోయిందా?

మొక్క అదే. ఆ పసుపు అంచు రెండు రకాల కణజాలం పక్కపక్కనే పెరగడం వల్ల వచ్చింది. ఆకు ముక్క నుంచి కొత్త మొగ్గ పుట్టేటప్పుడు ఆ అమరిక చెదిరిపోతుంది. అంచు కావాలంటే తల్లి పక్కన మొలిచే పిలకను దుంపతో సహా విడదీయడమొక్కటే దారి. పచ్చవైనా ఫర్వాలేదంటే ఆకును 6 నుంచి 8 సెంటీమీటర్ల ముక్కలు చేసి, రెండు రోజులు ఆరబెట్టి, కిందివైపు కిందికే ఉండేలా నాటండి. నలుగురూ కలిసి చేసేటప్పుడు ముక్కలు తారుమారవుతాయి. ప్రతి ముక్కకూ కిందివైపు వి ఆకారంలో కోస్తే గుర్తుంటుంది.

ప్రశ్న: వేరు హార్మోన్ పొడి తప్పనిసరా? తేనె, దాల్చినచెక్క పొడి సరిపోతాయంటారు, నిజమేనా?

కోలియస్‌కు, మనీప్లాంట్‌కు ఏ పొడీ అక్కర్లేదు. గులాబీ, బోగన్‌విల్లియా లాంటి మొండివాటికి మాత్రం పొడి వాడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఆ పొడిలో ఉండేది ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం, ఇందాక చెప్పిన ఆక్సిన్ జాతిదే. ఓట్స్ మొలకల కొసల నుంచి పెరుగుదలను నడిపే పదార్థం కిందికి దిగుతుందని 1928లో డచ్ వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ చూపించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1930లలో, కొమ్మలకు వేరు పుట్టించడానికి ఇలాంటి ఆమ్లాలు వాడకంలోకి వచ్చాయి. పొడి డబ్బా మీద బలం శాతంలో ఉంటుంది. లేత కొమ్మలకు 0.1, మధ్యరకానికి 0.3, బాగా ముదిరినవాటికి 0.8 దాకా. ఎక్కువ వేస్తే ఎక్కువ వేళ్లు రావు. అడుగు మాడినట్టు నల్లబడుతుంది, మొగ్గలు కూడా కదలవు.

కొమ్మను డబ్బాలో ముంచకండి. ఒకరి కొమ్మకున్న తడి, తెగులు మొత్తం డబ్బాకు అంటుకుంటాయి. అర చెంచా పొడి కాగితం మీద పోసి, కొమ్మ అడుగు ఒకటి రెండు సెంటీమీటర్లు అద్ది, వేలితో తట్టి దులిపేయండి. ముందే పెన్సిల్‌తో గుంట చేసి అందులో నిలపండి. నేరుగా గుచ్చితే పొడంతా పైనే రాలిపోతుంది. మిగిలిన పొడి మళ్లీ డబ్బాలోకి పోకూడదు. పిల్లల చేత అద్దించకండి, పెద్దలు కూడా చేతితొడుగులు వేసుకోవాలి.

దాల్చినచెక్క పొడి బూజును కొంత ఆపగలదు, వేరు పుట్టించదు. తేనెలో వేరు పుట్టించే హార్మోన్ లేదు, పైగా అందులోని తీపి నీళ్లలో బ్యాక్టీరియాకు మేత అవుతుంది. పదునైన కత్తెర, తేమగాలి, మంచి వెలుతురు సరిగా లేనప్పుడు ఏ పొడీ వాటి లోటు తీర్చదు.

ప్రశ్న: మా అత్తయ్యగారికి ఎనభై ఏళ్లు. చేతులు వణుకుతాయి, మతిమరుపు కూడా మొదలైంది. మొక్కలంటే ప్రాణం. ఆవిడతో కలిసి ఇది చేయవచ్చా?

తప్పకుండా చేయండి. కోత మాత్రం మీరు చూసుకోండి. కింది ఆకులు గిల్లడం, కుండీలో మిశ్రమం నింపడం, కొమ్మ చుట్టూ అదమడం, స్ప్రేతో తడపడం ఆవిడకు వదిలేయండి. కుండీ కింద తడిగుడ్డ మడిచి వేస్తే వణికే చేతికి కుండీ జారదు. మోచేతులు ఆనించే ఎత్తులో బల్ల ఉంటే వణుకు బాగా తగ్గుతుంది.

మొక్కలుగా తులసి, పుదీనా ఎంచుకోండి. రెండూ నీళ్లలో తేలిగ్గా వేరు పోస్తాయి, ముట్టుకుంటే వాసన చేతికి అంటుతుంది. పేరు గుర్తురాకపోయినా ఆ వాసన పట్టి చెప్పేవాళ్లున్నారు. మతిమరుపు ఉన్నవాళ్లు ఆకు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి మనీప్లాంట్‌ను, డైఫెన్‌బేకియాను ఆవిడకు దగ్గరలో పెట్టవద్దు. వాటిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటిని, గొంతును మండిస్తాయి.

రోజూ అదే వేళకు, అదే కుర్చీలో, అదే గ్లాసు ముందు కూర్చోబెట్టండి. గ్లాసు మీద నీటి మట్టానికి రంగుదారం కట్టండి. దారం కిందికి నీళ్లు దిగితే పోయడం ఆవిడ పని. నిన్న చేసింది గుర్తులేకపోయినా, ఈ పూట ఏం చేయాలో ఆ దారం చెబుతుంది. ‘నిన్న చెప్పాను కదా అత్తయ్యా’ అనే మాట మాత్రం రానివ్వకండి. వేరును ప్రతిరోజూ కొత్తగా చూడటంలో ఆవిడకు నష్టమేమీ లేదు.

ప్రశ్న: పిల్లలందరికీ తలా ఒక కొమ్మ ఇచ్చి, పేర్లు రాసి పెట్టించాం. ఇద్దరి కొమ్మలు చచ్చిపోయాయి. ఒక పాప బాగా ఏడ్చింది. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

ముందుగా ఆ కొమ్మను చూడకుండా పారేయకండి. పాపతో కలిసి కుండీలోంచి తీసి, కడిగి, తెల్లకాగితం మీద పెట్టండి. అడుగు నల్లగా మెత్తగా ఉంటే తడి ఎక్కువైంది. అడుగు పచ్చగా ఉండి పైనుంచి ఎండుకొస్తే గాలిలో తేమ చాలలేదు, లేదా ఎండ తగిలింది. మొత్తం పుల్లలా తేలిపోతే నాటేసరికే కొమ్మ ఆరిపోయింది. కోసినచోట తెల్లటి పొర కట్టి ఉంటే వేరు రావడానికి దగ్గరదాకా వచ్చిందన్నమాట, ఆ మాట పాపకు చెప్పండి. ఎందుకు పోయిందో కళ్లతో చూసిన పిల్లలు తప్పు తమదేనని లోపల దాచుకోరు. ఆ రోజే ఇంకో కొమ్మ చేతికివ్వండి.

ఇకముందు కొమ్మకు పిల్లల పేరు రాయకండి. మొక్క పేరు, నాటిన తేదీ చాలు. ఒక్కొక్కరు మూడేసి కొమ్మలు పెట్టి, అన్నీ ఒకే ట్రేలో ఉంచి, వేరు వచ్చాక అందరికీ పంచండి. అందరికీ దక్కేలా మొదటే మూడో వంతు ఎక్కువ నాటండి. గులాబీలో సగం బతికితే అది మంచి ఫలితమే, ఆ సంగతి నాటకముందే పిల్లలకు చెప్పి ఉంచాలి.

ప్రశ్న: గన్నేరు, దేవగన్నేరు, జెడ్, కాక్టస్ కూడా ఇలాగే కలిసి నాటుకోవచ్చా?

జెడ్, కాక్టస్, దేవగన్నేరు నాటవచ్చు, కానీ కోసిన వెంటనే కాదు. కోసినచోట గాయం ఆరి పొర కట్టాలి. జెడ్‌కు మూడు నాలుగు రోజులు, కాక్టస్‌కు, దేవగన్నేరుకు వారం పైన. పచ్చిగా నాటితే కుళ్లడం దాదాపు ఖాయం. నాటాక మొదటి వారం నీళ్లు పోయవద్దు, కవరు కప్పవద్దు.

గన్నేరు మొక్క నిలువెల్లా విషమే. పిల్లలున్న బృందంలోకి తేకండి. దేవగన్నేరుకు, యుఫోర్బియా జాతి మొక్కలకు కోస్తే పాలు కారతాయి. అవి కంట్లో పడితే తీవ్రంగా మండుతాయి. చేతితొడుగులు వేసుకుని, పాలు ఆగేదాకా కోసిన ముఖాన్ని నీళ్లతో తడిపి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. మిగిలిపోయిన మనీప్లాంట్, ట్రాడెస్కాంషియా ముక్కలను కాలువల్లో, ఖాళీ స్థలాల్లో పడేయకండి. ఒక్క కణుపు చాలు, అక్కడ అల్లుకుపోయి మిగతా మొక్కలను కప్పేస్తాయి.

ప్రశ్న: మేం ఐదుగురం ఒకే కుండీలో ఐదు మందారం కొమ్మలు పెట్టాం. అన్నీ బతికాయి. ఇప్పుడు వేళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. తెగకుండా విడదీయడం ఎలా?

సాయంత్రంపూట, ఐదుగురూ ఉన్నప్పుడు చేయండి. ముందు ఐదు చిన్న కుండీలు సగం నింపి, తడిపి పక్కన పెట్టుకోండి. వేళ్లు గాలిలో ఉండే సమయం ఎంత తక్కువైతే అంత మంచిది. కుండీని పక్కకు వంచి, గోడలను తట్టి, ముద్దను మొత్తంగా బయటికి జార్చండి. కొమ్మలు పట్టి పైకి లాగవద్దు. ఆ ముద్దను బకెట్ నీళ్లలో ఇరవై నిమిషాలు నాననివ్వండి. ఇసుక, కోకోపీట్ చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

తర్వాత తలా ఒక కొమ్మను మొదలు దగ్గర పట్టుకుని, నీళ్లలోనే ఉంచి, అటూ ఇటూ మెల్లగా ఊపండి. ఐదుగురూ ఒకేసారి ఊపితే చిక్కు బిగుస్తుంది. ఒకరు ఊపుతుంటే మిగతావాళ్లు కదలకుండా పట్టుకోవాలి. సన్నవేళ్లు కొన్ని తెగుతాయి, అవి మళ్లీ వస్తాయి. లావుపాటి వేరు అడ్డం పడితే వేలితో దాని దారి వెంట వెళ్లి విడిపించండి. విడదీసిన ప్రతి మొక్కకూ పైనుంచి మూడో వంతు ఆకులు తగ్గించి, వెంటనే నాటి, వారం పాటు నీడలో ఉంచండి.

రెండు మొక్కలు ఎంతకీ విడిపోకపోతే బలవంతం చేయకండి. ఆ రెంటినీ కలిపే ఒక పెద్ద కుండీలో నాటి, ఆ ఇద్దరూ వారం వారం చేతులు మార్చుకుంటూ పెంచుకోండి.